కలము పట్టిన కొలువు

‘ఉద్యోగము పురుషలక్షణము’ అను నానుడి తెలుగునాట ఎఱుగనివారు లేరు. నేడు ఆ మాట పలుకువారును, వినువారును ఉద్యోగమనగా నెలజీతమునకు చేయు కొలువనియే తలంతురు. కాని సంస్కృతమున ఆ పదమునకు మొదటి అర్థము పూనిక, ప్రయత్నము. మహాభారతమున పాండవులు పరుల కొలువున చేరినది విరాటపర్వమున. ఆ కొలువు ముగించుకొని తమ పూనికను లోకమునకు చూపినది ఉద్యోగపర్వమున. పూనిక అను అర్థముగల మాట కాలక్రమమున కొలువు అను అర్థమునకు దిగివచ్చుట ఒక భాషావిశేషము మాత్రమే కాదు. తెలుగువారి జీవనచరిత్రలో ఒక పెద్ద అధ్యాయము ఆ మార్పులో ఇమిడియున్నది.

బ్రతుకుతెరువును గూర్చిన తెలుగు మాటలు అన్నియు ఇట్టివే. జీతము అను మాట జీవితము అను సంస్కృతపదము నుండి పుట్టినది. అనగా బ్రతుకునకును, బ్రతుకునిచ్చు ధనమునకును ఒకటే పేరు. కొలుచుట అనగా దేవుని సేవించుట. కొలువు అనగా రాజసభయు, ఆ సభలో సేవకుని స్థానమును. ఒకే ధాతువున భక్తియు, భయమును, భుక్తియు కలిసియున్నవి. ఇక మామూలు అను మాట పరభాష నుండి వచ్చినది. వాడుకగా జరుగునది అని దాని అర్థము. అది లంచమునకు మర్యాదపేరుగా మాఱుట గమనించినచో కచేరీల చరిత్ర కొంత చెప్పకయే తెలియును. తెలుగుదేశమున కలము పట్టి జీవించినవారు తమ పనిని గూర్చి ఏమి తలంచిరి, లోకము వారిని గూర్చి ఏమి తలంచెను అను ప్రశ్నకు ఈ మాటల వెనుకనున్న చరిత్రయే సమాధానము చెప్పవలెను.

ఆ చరిత్రకు మూలస్థానము గ్రామము. విజయనగర కాలము నాటికి బాగుగా స్థిరపడిన ఆయగాండ్ర పద్ధతిలో గ్రామమునకు పండ్రెండుగురు వృత్తివారు ఉండెడివారని లెక్క. రెడ్డి, కరణము, తలారి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మున్నగువారు ఆ పట్టికలోనివారు. ప్రాంతమును బట్టి పేర్లు కొంచెము మాఱుచుండును. వారికి నెలజీతము లేదు. కళ్ళమున ధాన్యము కొలుచునప్పుడు మేర అను పేర ఒక భాగము ముట్టెడిది. కొందఱికి మాన్యపు భూమి యుండెడిది. పంట పండిన ఏట అందఱికిని కలిమి, ఎండిన ఏట అందఱికిని లేమి. వడ్రంగి నాగలికి, కరణము వ్రాసిన లెక్కకు ప్రతిఫలము ఒక్క రాశి నుండియే వచ్చెడిది. ఈ పద్ధతిలో హెచ్చుతగ్గులు లేవని చెప్పుట పొరపాటు. మేర కొలతలోను, మాన్యపు విస్తీర్ణములోను, గ్రామమున నిలుచుండు చోటులోను గూడ భేదము కలదు. ఐనను ప్రతివృత్తియు గ్రామమునకు అవసరమే అను గుర్తింపు ఆ రాశియొద్ద ఏటేట బహిరంగముగా జరుగుచుండెడిది.

ఈ పండ్రెండుగురిలో కలము పట్టినవాడు కరణము. పొలముల ఎల్లలు, సాగుదారుల పేర్లు, శిస్తు బాకీలు, మాన్యముల వివరములు అతని అధీనమున నుండెడివి. తాటాకుపై గంటముతోను, నల్లని పూతపూసిన గుడ్డ మడతల కడితముపై బలపముతోను అతడు వ్రాసెడివాడు. గ్రామచరిత్రలు, దానధర్మములు, సరిహద్దు తగవుల తీర్పులు వ్రాసియుంచిన దండకవిలెలు కరణముల యిండ్లలోనే తరతరములుగా భద్రపడినవి. చదువు కూడ ఆ యింటిలోనిదే. కొడుకు తండ్రియొద్ద కూర్చుండి ఎక్కములు, కొలతలు, లెక్క వ్రాయు తీరు, గొలుసుకట్టు వ్రాత నేర్చెడివాడు. తనకు తప్ప అన్యులకు చదువరాని ఆ వ్రాతయే కరణము గౌరవమునకు మూలము. లోకమునకు అతనిపై కలిగిన అనుమానమునకును అదియే మూలము.

సుమతిశతకమున కరణమును గూర్చిన పద్యములు ఒకటి కాదు, పలుమార్లు వచ్చును. కరణము మెత్తనివాడైనచో ఎవరును లెక్కచేయరని ఒకచోట, కరణముతో పొసగక తిన్న తిండి వంటపట్టదని మఱియొకచోట ఆ శతకకారుడు హెచ్చరించినాడు. కమ్మరిని, కుమ్మరిని గూర్చి ఇంతటి జాగ్రత్త చెప్పవలసిన అవసరము అతనికి కలుగలేదు. కుమ్మరి చేసిన కుండ ఓటిదైనచో నీరు కాఱి ఆనాడే తెలియును. కరణము వ్రాసిన లెక్క ఓటిదైనచో రైతు మనుమడు భూమి కోలుపోయిననాడు గాని తెలియదు. కలము పనిలోని గౌరవమునకు, భయమునకు ఈ ఆలస్యమే కారణము.

గ్రామమున కరణమెట్లో రాజసభలో మంత్రియు, లేఖకుడును అట్లే. కవిత్రయములో తిక్కన నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రిగా నుండి, విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు తెనిగించెను. కాకతి గణపతిదేవుని సహాయమును తన ప్రభువునకు సంపాదించిపెట్టినది అతడేయని ప్రతీతి. కొలువున దినము గడపినవాడు గనుకనే రాయబారములలోని మాటల మెలకువలు అతని ఉద్యోగపర్వమున అంత సహజముగా పలికినవని విమర్శకుల అభిప్రాయము. కొలువు అతని కవితకు అడ్డు రాలేదు, ముడిసరకును సమకూర్చెను.

కాని అందఱి అనుభవము నొక్కటి కాదు. శ్రీనాథుడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి ఆస్థానమున విద్యాధికారియై భోగము లనుభవించెను. ఆ రాజ్యము పోయిన పిమ్మట వృద్ధాప్యమున కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పంట ఏటిపాలు కాగా ఏడువందల టంకముల బాకీ చెల్లింపలేక అవమానముల పాలయ్యెనని అతని పేర ప్రచారమున నున్న చాటువులు చెప్పుచున్నవి. రాజుచేత సన్మానములందిన చేయి శిస్తు కట్టవలసిన చేయిగా మాఱినపుడు విద్యాధికారి బిరుదము అక్కఱకు రాలేదు. పోతన మార్గము వేఱు. భాగవతమును రాజుల కంకితమీయక శ్రీరామున కర్పించిన ఆ మహాకవి సేద్యముతో జీవించెనని లోకము విశ్వసించినది. ఈ కథలలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అను వాదము పండితులకు విడువవచ్చును. తెలుగు ప్రజలు తరతరములుగా ఈ యిరువురి కథలను ప్రక్కప్రక్కన నుంచి చెప్పుకొనుటయే అసలు సాక్ష్యము. కొలువులోని సుఖమును వారు ఆశించిరి. నాగలిలోని స్వేచ్ఛను మెచ్చిరి. ఈ రెండు భావములు నేటికిని ఒకే యింటిలో కాపురము చేయుచున్నవి.

కొలువు ఇచ్చువాడు సేవకుని మనస్సును ఎట్లు తెలిసికొనవలెనో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగమున చెప్పియున్నాడు. ఒకని నొక్కసారిగా పైకెత్తి పిదప తగ్గించినచో అతడు తన పూర్వపు స్థితిని తలపక పగ పూనుననియు, గుణము పరీక్షించుచు క్రమక్రమముగా పెంచుట మేలనియు ఆ రాజకవి హితవు. ఐదువందల యేండ్ల క్రిందటి ఈ మాట కచేరీలలో పనిచేసినవారికి వ్యాఖ్యానము లేకయే బోధపడును.

గోలకొండ రాజ్యమున కలము మఱియొక పరీక్ష నెదుర్కొన్నది. రాజభాష పారసీకమైనను కుతుబుషాహీ సుల్తానులు జారీ చేసిన ఫర్మానాలలో కొన్ని పారసీకమునను తెలుగునను జంటగా వ్రాయబడినవి. రెండు భాషలెఱిగిన తెలుగు లేఖకులు లేనిదే పాలన సాగలేదు. ఆ వర్గము నుండియే మాదన్న పైకి వచ్చి, అబుల్ హసన్ తానాషా కాలమున ప్రధానియయ్యెను. అతని సోదరుడు అక్కన్న. వారి మేనల్లుడు కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు. అతడు సర్కారు పైకము వెచ్చించి భద్రాచలమున రామాలయము కట్టించి, చెఱసాల పాలైన కథ తెలుగు పిల్లలందఱికిని తెలిసినదే.

ఆ కథను భక్తుని కన్నుతో చూచుట అలవాటు. లెక్కలు వ్రాయువాని కన్నుతో చూచినచో మఱియొక అర్థము తోచును. వసూలైన శిస్తు ఎవరిది? తానాషా దృష్టిలో అది ఖజానా సొమ్ము. దానికి జవాబుదారి తహసీలుదారు. గోపన్న దృష్టిలో ఊరివారి చెమట ఫలితము ఊరివారు కొలుచు దేవునికి చేరుట న్యాయము. ప్రజలు ఈ తగవును తమ పద్ధతిలో తీర్చుకొనిరి. రామలక్ష్మణులే వచ్చి బాకీ చెల్లించి రసీదు తీసికొనిరని కథ చెప్పిరి. అనగా గోపన్న భక్తికి వందనము చేసిరే గాని, బాకీ చెల్లింపనక్కఱలేదని అనలేదు. దేవుడైనను సర్కారు లెక్కను సరిచేయవలసినదే! సర్కారు సొమ్మును గూర్చి తెలుగువారి మనస్సున గల ధర్మసూక్ష్మము ఇంతకంటె చక్కగ మఱియొకచోట వెల్లడి కాలేదు. ఇక అక్కన్న మాదన్నల అంత్యము దారుణము. మొగలుల ఒత్తిడి మిక్కుటమైన దినములలో వారు వీథిలో హత్య చేయబడిరి. 1687లో గోలకొండయే కూలిపోయెను. కలముతో గడించిన అధికారమునకు కత్తియెదుట రక్షణ లేదని ఆ తరము కన్నులార చూచినది.

ఆంగ్లేయుల కంపెనీ వచ్చిన తరువాత క్రొత్త వృత్తి యొకటి పుట్టినది. రెండు భాషల నడుమ నిలిచి బేరమును, రాయబారమును నడపిన దుబాషీ వృత్తి అది. 1802లో శాశ్వత పైసలా వచ్చినది. ఆ సంవత్సరమే ఇరువది తొమ్మిదవ రెగ్యులేషను కరణముల విధులను చట్టములో బిగించినది. దత్తమండలములందు మన్రో రైతువారీకై పొలముపొలమును కొలిపించునపుడు కరణముల కవిళ్ళు, గుమాస్తాల కాళ్ళు లేనిదే ఆ పని సాగలేదు. దొరల పేరులు చరిత్రలో నిలిచినవి. గొలుసు పట్టి ఎండలో నడచినవారి పేరులు చాలవఱకు నిలువలేదు.

నిలిచిన కొద్ది పేరులలో కావలి సోదరులవి మొదట చెప్పదగినవి. ఏలూరివాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య కర్నల్ కాలిన్ మెకంజీ యొద్ద దుబాషీగా చేరి, ఊరూర తిరిగి శాసనములు, వంశావళులు, కైఫీయతులు సేకరించు పద్ధతిని తీర్చెను. 1803లో అతడు చిన్నవయసుననే మరణింపగా అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నందుకొనెను. మఱియొక తమ్ముడు రామస్వామి 1829లో కలకత్తాలో దక్షిణదేశ కవుల జీవితములను ఆంగ్లమున ప్రకటించెను. ఆ సోదరులు ఊరికి పోయి కరణమును నమ్మించి, దండకవిలెను విప్పించి, చదివించి, నకలు వ్రాయించిన శ్రమఫలితమే మెకంజీ సంచయములోని తెలుగు భాగము. ఆంధ్రదేశ చరిత్రకారులు నేటికిని ఆ కైఫీయతులను తిరుగవేయకుండ స్థానికచరిత్ర వ్రాయలేరు.

1821లో మెకంజీ మరణించెను. ఆ సంచయమును తెలిసినవారిలో లక్ష్మయ్యను మించినవాడు లేడు. పనిని కొనసాగించుటకు తన కవకాశమిండని అతడు కోరెను. కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు 1836 ప్రాంతమున ఆ కోరికను త్రోసిపుచ్చిరి. సేకరించుట వఱకు దేశీయుడు చాలునుగాని, విచారించి చరిత్ర నిర్మించు పని అతనికి అప్పగింపదగినది కాదని వారి భావము. తరువాత ఆ వ్రాతప్రతుల పరిశీలన విలియమ్ టేలరు అను మతాచార్యుని పాలయ్యెను. నలువది యేండ్లకు చేరువగా ఒక పనియందే వెంట్రుకలు నెరసినవానికి ఆ పని తనదని చెప్పుకొను హక్కు దక్కలేదు. జీతము తక్కువైనందున కలుగు బాధ ఒక రకమైనది. చేతిపనికి యోగ్యుడవు, బుద్ధిపనికి కావను మాట వలన కలుగు బాధ వేఱు. తరువాతి నూఱేండ్లలో దేశీయ ఉద్యోగుల హృదయములలో రగిలిన అసంతృప్తికి ఈ రెండవ బాధయే ముఖ్యకారణమయ్యెను.

ఆ కాలముననే తన కొలువును తృప్తిగా నిర్వహించిన వారును గలరు. వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు సదర్ అదాలతు న్యాయస్థానమున భాషాంతరీకర్త. 1820లో మద్రాసు పాఠ్యపుస్తక సంఘమున సభ్యుడై, బాలురకు అర్థము తెలియకుండ పద్యములు వల్లె వేయించు చదువులోని లోపమును నిర్భయముగా ఎత్తిచూపెను. తాను చేసిన కొలువులను వరుసగా చెప్పుచు ఆంగ్లమున అతడు వ్రాసికొన్న ఆత్మకథను అతని కుమారుడు 1873లో అచ్చొత్తించెను. ఒక గుమాస్తా జీవితము గ్రంథముగా వ్రాయదగినదను ఊహయే అప్పటికి సాహసము.

ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీముకోర్టున దుబాషీలలో ప్రధానుడు. 1830 మే 18వ తేదీన సెలవుపై పెద్ద పరివారముతో పల్లకీలో బయలుదేఱి హైదరాబాదు, నాగపురము మీదుగా ప్రయాగ, కాశి, గయ, కలకత్తాలను దర్శించి, తూర్పుతీరము వెంబడి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసిన జాబులే కాశీయాత్రచరిత్ర. 1838లో అది అచ్చుపడునాటికి గ్రంథకర్త జీవించి లేడు. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావు దానిని పరిష్కరించి మరల ప్రకటించుట తెలుగువారి అదృష్టము. అందు తీర్థమహిమలకంటె ఎక్కువగా కనిపించునవి ఆ దారిలోని నీటివసతి, అంగడి ధరలు, పంటలు, సుంకపు ఠాణాలు, మనుష్యుల వృత్తులు, మర్యాదలు. ఇది కోర్టున సాక్షి చెప్పినది చెప్పినట్లు తర్జుమా చేయుటకు అలవడిన కన్ను. కొలువు నేర్పిన క్రమశిక్షణను కొలువు వెలుపల లోకహితమునకు వినియోగించుటకు ఇంతకంటె మేలైన ఉదాహరణము అరుదు. కడపలో బ్రౌను దొర యొద్ద నిఘంటువునకు, ప్రతుల పరిష్కరణకు శ్రమించిన జూలూరి అప్పయ్య మున్నగు పండితులదియు ఇట్టి కృషియే. 1852 నాటి బ్రౌణ్య నిఘంటువు తెఱచిన ప్రతిసారియు ఆ జీతగాండ్ర చేతివ్రాత అదృశ్యముగా అందు నిలిచియుండును.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ లోకమంతయు మాఱిపోయెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను. 1858లో ఏర్పడిన ఇనాము కమీషను వలన గ్రామోద్యోగుల మాన్యములు పెక్కు పట్టాభూములై, వారికి రొక్కపు జీతములు వచ్చెను. కళ్ళములో కొలిచిన మేరకు బదులు మొదటి తేదీన లెక్కపెట్టిన రూపాయలు! వాన రాకున్నను జీతము వచ్చును. రైతుకు లేని ఈ ధీమా కొలువునకు క్రొత్త మెఱుగు పెట్టినది. ఊరివారి పంటతో తన బ్రతుకు ముడివడియున్నదను భావము మాత్రము ఉద్యోగి మనస్సున నుండి క్రమముగా జారిపోయెను.

ఇంగ్లీషు చదువు పెట్టుబడిగాను, ఉద్యోగము దానిపై వడ్డీగాను గణింపబడిన కాలమది. కన్యాశుల్కములో అగ్నిహోత్రావధానులు కుమారుని ఇంగ్లీషు చదువునకై పడు ఆరాటము, ఆ ఖర్చును గూర్చి పెట్టు గోడు ఆనాటి ప్రతి అగ్రహారమునందును వినబడినదే. ఆ నాటకకర్త గురజాడ అప్పారావు స్వయముగా కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తాగిరి చేసినవాడు. పరీక్షలు, సిఫారసులు, దొర దయ, పై ఆదాయము అను నాలుగు చక్రములపై నడచిన బండిని అతడు లోపలి నుండి చూచెను. కందుకూరి వీరేశలింగము కచేరీ కొలువును ఆశ్రయింపక కోరంగి, ధవళేశ్వరము, రాజమహేంద్రవరములలో ఉపాధ్యాయుడై జీవించెను. 1874లో ఆయన స్థాపించిన వివేకవర్ధని లంచగొండులైన అధికారులకు సింహస్వప్నము. 1880 నాటి వ్యవహారధర్మబోధిని కోర్టుపక్షుల నడవడిని వారి మాటలలోనే బయటపెట్టెను. లంచమును గూర్చి ఊరందఱు చాటున చెప్పుకొనుట పాతదే. అచ్చులో చదువుట క్రొత్త. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండియే, ఎవరును పురమాయింపకున్నను సవర భాష నేర్చి, దానికి వ్యాకరణము రచించి, ఆ జనులకు చదువు చెప్పించుటకు పాటుపడెను. జీతము బడిపనికి, పూనిక మాత్రము అతని సొంతము.

తెలంగాణమున ఈ కథ వేఱొక భాషలో నడచినది. మొదటి సాలారుజంగు సంస్కరణలలో 1865 నాటికి జిల్లాబందీ ఏర్పడెను. గ్రామమున పటేలు, పట్వారీ. పైన తాలూకాదారు, తహసీలుదారు. కచేరీభాష మొదట పారసీకము, తరువాత ఉర్దూ. తల్లితో ఒక భాష, తహసీలుదారుతో ఒక భాష మాటాడవలసిన ఉద్యోగి తన తెలుగును ఇంటిలో దాచుకొనవలసివచ్చెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుట ఆ వెలితిని తీర్చుటకే. 1921లో ఆంధ్రజనసంఘము ఏర్పడెను. మాడపాటి హనుమంతరావు ప్రభృతులు నాయకులైన ఆ సంఘము వెట్టిచాకిరిని గూర్చి ప్రజలను మేల్కొల్పుటకు పూనుకొనెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను స్థాపించెను.

వెట్టి అను మాటను ఇక్కడ నిలిచి చూడవలెను. ఒకప్పుడు కళ్ళములో మేర అందుకొన్న కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ వృత్తివారే దొరల గడీలకు, అధికారుల మకాములకు కూలి లేక పనిచేయవలసినవారైరి. పని అదియే, చేయి అదియే. ప్రతిఫలమును, గౌరవమును మాత్రము తొలగిపోయినవి. ఆ వెట్టికి ఎవరి వంతు ఎప్పుడో నిర్ణయించి పిలిపించినదియు, పట్టాలో రైతు పేరు చెఱపి వేఱొకని పేరు చేర్చినదియు పలుతావుల పట్వారీ కలమే. కలము పట్టినవారి చరిత్రలో గర్వింపదగిన పుటలతోపాటు ఈ పుటయు చదువక తప్పదు. 1946 నుండి 1951 వఱకు సాగిన సాయుధపోరాటమున రైతుల ఆగ్రహము దొరతోపాటు అతని లెక్కల పెట్టెమీదికిని మఱలుటకు ఇదియే కారణము.

అదే కలమును క్రింద పెట్టిన సందర్భమును కలదు. 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పన్నుల నిరాకరణోద్యమము నడచినపుడు గ్రామోద్యోగులు అనేకులు రాజీనామాలిచ్చిరి. తాతముత్తాతల నాటి కరణీకమును, మునసబీని, దానితో వచ్చు పలుకుబడిని ఒక్క కాగితముపై సంతకముతో వదలుకొనుట తేలిక కాదు. శిస్తు వసూలు స్తంభించెను. సర్కారు సైన్యమును దింపెను. చౌరీచౌరా ఉదంతము తరువాత 1922 ఫిబ్రవరిలో శాసనోల్లంఘనము నిలిచిపోవుటతో ఈ ఉద్యమమును ముగిసెను. రాజీనామాలిచ్చిన కుటుంబములు ఆ త్యాగపు ఫలితము నెంతకాలము మోసినవో ఆ గ్రామములకు తెలియును. ఉద్యోగము పోయినచో పురుషలక్షణము పోవునన్న లోకమునకు, ఉద్యోగము వదలుటలోనే పౌరుషము కలదని వారు చూపిరి.

కలము లేని చేతులు దేశము దాటి పోయినవి. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి రేవు నుండి ఓడలెక్కినవారు మారిషసున చెఱకుతోటలలోను, రంగూనులో రేవునందును బియ్యపుమిల్లులలోను చెమటోడ్చిరి. బర్మాలో తెలుగువారికి కోరంగీలనియే పేరు పడెను. 1942లో యుద్ధము తఱుముకొనిరాగా వారిలో వేలకొలది జనులు అడవిదారులలో కాలినడకన స్వదేశమునకు మఱలవలసివచ్చెను. ఖరగ్‌పూరు రైల్వే కర్మాగారములలో తెలుగు కార్మికులు పెద్దసంఖ్యలో చేరిరి. బెంగాల్ నాగపూరు రైల్వే కార్మికుల సమ్మెను 1927లో నడపిన నాయకులలో బరంపురమున పుట్టిన వరాహగిరి వేంకటగిరి ముఖ్యుడు. ఆయన 1969లో రాష్ట్రపతి యయ్యెను. ఒకే రైలుమార్గమున కచేరీలో బిళ్ళలు వ్రాయు గుమాస్తాయు, కొలిమియొద్ద ఇనుము కాల్చు కార్మికుడును తెలుగువారే. పరాయిచోట పండుగనాడు ఇరువురును ఒకే పందిరిక్రింద కూర్చుండిరి. దేశమున పలుచోట్ల వెలసిన ఆంధ్రసంఘములు, తెలుగు సమాజములు ఇట్టి పందిళ్ళ నుండి పుట్టినవే.

స్వాతంత్ర్యానంతరము కొలువు స్వరూపము మఱల మాఱినది. దొరకు బదులు రాజ్యాంగము యజమాని. పుట్టుకకు బదులు పరీక్ష ప్రమాణము. తండ్రి నుండి కొడుకునకు దిగివచ్చు గ్రామోద్యోగములను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1984లో రద్దు చేసెను. శతాబ్దముల కరణీకము ఒక్క ఆజ్ఞతో ముగిసెను. ఆనాడు కొన్ని యిండ్లలో కన్నీరు, ఊళ్ళలో పెక్కుచోట్ల సంతోషము. రెండును సత్యమే. తెలంగాణ రాష్ట్రము 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను తొలగించెను. 2025లో గ్రామ పాలనాధికారులను పేర మఱల ఊరికి ఉద్యోగులు నియమింపబడిరి. తాటాకు పోయి కాగితము, కాగితము పోయి కంప్యూటరు వచ్చినను, ఊరిలోని భూమి ఎవరిదో వ్రాసి నిలుపు మనుష్యుడు లేక గడచుట కష్టమని ఈ తిరుగుడు నిరూపించినది. ఆ మనుష్యుని నమ్మవచ్చునా అను ప్రశ్న మాత్రము శతకకారుని నాటిదే.

వేయి యేండ్ల ఈ చరిత్రలో ఒక సంగతి స్పష్టము. కలము పట్టినవారిని లోకము జీతమును బట్టి గుర్తుంచుకొనలేదు. బొఱ్ఱయ్య నెలకెంత తెచ్చుకొనెనో, వీరాస్వామి కొలువు ఎన్ని వరహాలదో తెలిసికొన ఎవరును పుటలు తిరుగవేయరు. ఒకని కైఫీయతు నిలిచినది. ఒకని యాత్రాచరిత్ర నిలిచినది. పేరు తెలియని కరణము వ్రాసియుంచిన చెఱువు లెక్క నిలిచినది. అట్లే చెఱపబడిన ఒక పట్టా పేరును, పుచ్చుకొన్న ఒక మామూలును గూడ ఆ ఊరి జ్ఞాపకములో నిలిచినవి. లక్ష్మయ్య కోరినది పెద్ద జీతము కాదు, తాను చేయగల పనిని తనది అని చేయనిచ్చుటకు అనుజ్ఞ. అది దొరకని తరమువారు పోరాడి దానిని తమ సంతతికి సంపాదించిపెట్టిరి. నేడు ఏ కచేరీలో కూర్చున్న తెలుగువానికైనను అట్టి అనుజ్ఞను ఎవరును నిరాకరింపజాలరు. కాగితముపై అతడు పెట్టు ప్రతి సంతకము వెనుక, దానికై ఎదురుచూచు ఒక రైతో, ఒక వితంతువో, ఒక పింఛనుదారుడో కలడు. ఆ ఎదురుచూపును గుర్తించి కలము కదలించునంతవఱకు ఉద్యోగము అను మాటకు పూనిక యను తొల్లిటి అర్థము చెడదు.